ఎండ ఇచ్చు మంచినీరు

కడప జిల్లాలో పులివెందులకు వాయవ్యమున సింహాద్రిపురము కలదు. దానికి ఉత్తరముగా పెన్నా నది గండికోట కొండలను చీల్చుకొని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల మీదుగా సాగిపోవును. నది పేరు విన్నవారు ఈ సీమ జలసమృద్ధి గలదని తలంపవచ్చును. కాని సంవత్సరములో చాల నెలలు ఆ నదిలో ఇసుకయే గాని నీరు కానరాదు. జిల్లాలో సాలునకు కురియు వాన సగటున 700 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు కొన్ని దినములలోనే కురిసి వెలసిపోవును. చీనీతోటలును, వేరుసెనగ చేలును సాగుచేయు రైతులు భూగర్భ జలమును నమ్ముకొని బోరుబావులు వేయించుకొనిరి.

ఈ సీమలో కొరత లేనిది ఒక్కటే కలదు. అది ఎండ. ఏప్రిల్, మే నెలలలో పగటి వేడిమి 40 డిగ్రీలు దాటును. చెరువులను ఇంకించునదియు, మనుష్యులను దప్పికతో అలమటింపజేయునదియు ఆ ఎండయే. అయినను, తెలివితో ఉపయోగించుకొన్నచో ఆ ఎండయే త్రాగరాని నీటిని మంచినీరుగా మార్చి ఇయ్యగలదు. అది ఎట్లు సాధ్యమగునో, ఎంతవరకు సాధ్యమగునో తెలిసికొనుట ప్రతి విద్యార్థికిని అవసరము.

త్రాగుటకు తగిన నీటిని తెలుగువారు 'మంచినీరు' అందురు. చూచుటకు తేటగా నున్న నీరెల్ల మంచినీరు కాదు. నీటిలో చేరు దోషములు మూడు విధములు. మొదటిది మట్టి, నలుసు మొదలగు మాలిన్యము. నీటిని తేర్చినను, గుడ్డతో వడకట్టినను ఇది తొలగును. రెండవది వ్యాధులను గలిగించు సూక్ష్మజీవులు. నీటిని బాగుగా మరగించినచో ఇవి చచ్చును. మూడవది నీటిలో కరగియున్న లవణములు. ఇవి గుడ్డకు చిక్కవు, నిప్పునకు చావవు, కంటికి కనబడవు. మూడింటిలో ఎక్కువగా మోసపుచ్చునది ఈ మూడవ దోషమే.

అట్టి లవణములలో ఫ్లోరైడు ఒకటి. కొన్ని జాతుల రాళ్లలో ఇది సహజముగా నుండును. ఆ రాళ్ల సందులలో చిరకాలము నిలిచిన నీటిలో ఇది మెల్లమెల్లగా కరగును. నీటి రంగుగాని రుచిగాని మారదు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రామునకు మించకుండుట మేలనియు, వేరొక నీరు దొరకనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణములు చెప్పుచున్నవి. అంతకు మించిన నీటిని చిన్ననాటినుండి త్రాగిన పిల్లల పండ్లపై సుద్దవలె తెల్లని మచ్చలును, పిమ్మట గోధుమవన్నె చారలును ఏర్పడును. ఫ్లోరైడు మిక్కుటముగా నున్న నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు, కీళ్లు బిగిసి, నడుము వంగిపోవును.

మన దేశమున ఈ వ్యాధిని తొలుత శాస్త్రీయముగా గుర్తించినది తెలుగు నేలమీదనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలోని గ్రామస్థులను పరీక్షించి, వారి బాధకు కారణము బావినీటిలోని ఫ్లోరైడేయని ప్రకటించిరి. అటుపిమ్మట నల్లగొండ, అనంతపురము, కడప మున్నగు జిల్లాలలోను పలుచోట్ల భూగర్భ జలములలో ఈ దోషము కనబడినది.

ఇట్టి నీటిని మరగించి త్రాగినచో ఏమగును? మేలు కలుగకపోగా కీడు హెచ్చును. లీటరునకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల రెండు లీటర్ల నీటిని పొయ్యిమీద పెట్టి, అది ఒకటిన్నర లీటరగువరకు మరగించితిమనుకొందము. ఆవిరియై పోయినది నీరు మాత్రమే. ఫ్లోరైడంతయు పాత్రలోనే నిలిచినది. కావున మిగిలిన నీటిలో ఇప్పుడు లీటరునకు నాలుగు మిల్లీగ్రాములున్నవి. ఈ చిన్న లెక్కలోనే వ్యాధియు, దాని నివారణోపాయమును రెండును దాగియున్నవి. లవణము పాత్రలో మిగులుచున్నది, ఆవిరి మాత్రము నిర్మలముగా పోవుచున్నది. మనము పారవేయుచున్న ఆవిరియే మంచినీరు! దానిని పట్టుకొనగలిగినచో చాలును.

ఆవిరిని పట్టుట క్రొత్త విద్య కాదు. అన్నము వండుచు కుండపైనున్న మూతను తీసిన ప్రతి గృహిణియు దాని అడుగున నీటిబొట్లను చూచియే యుండును. ఎసటి నీరు ఆవిరియై పైకి లేచి, మూతను తాకి చల్లబడి, తిరిగి నీరైనది. ప్రకృతియు నిరంతరము ఈ పనినే చేయుచున్నది. సముద్రము ఉప్పనిది, కాని సముద్రమునుండి పుట్టిన వాన ఉప్పనిది కాదు. సూర్యుడు నీటిని మాత్రమే ఆవిరిగా పైకి గొనిపోయి, ఉప్పును సముద్రమునందే విడిచిపెట్టుచున్నాడు. ఇట్లు ద్రవమును ఆవిరిగా మార్చి, ఆ ఆవిరిని మరల ద్రవముగా చేయుటను స్వేదనమందురు. సూర్యుని వేడిమితో ఈ పని చేయు సాధనము సౌర స్వేదన యంత్రము. యంత్రమనగానే చక్రములును, మరలును ఉండునని భ్రమపడరాదు. ఇందులో కదలు భాగము ఒక్కటియు లేదు.

దీని నిర్మాణము ఒక బడి పిల్లలు తమ ఉపాధ్యాయుని సాయముతో చేసికొనదగినంత సులభము. మీటరు పొడవు, మీటరు వెడల్పు గల తొట్టి నొకదానిని ఎండ బాగుగా తగులు చోట సిమెంటుతో కట్టవలెను. కడప సీమలో నాపరాతి బండలకు కొదువలేదు గాన వానిని పరచి, సందులను సిమెంటుతో పూడ్చియు తొట్టిని చేయవచ్చును. తొట్టి అడుగు నల్లగా నుండవలెను. ఏలయనగా నలుపు వేడిని త్రిప్పికొట్టక తనలో నింపుకొనును. తొట్టి క్రింద వరి ఊకనో రంపపు పొట్టునో నాలుగు వ్రేళ్ల మందమున పరచినచో ఆ వేడి నేలలోనికి దిగిపోకుండును. తొట్టిలో పోయు నీరు రెండు మూడు సెంటిమీటర్ల లోతునకు మించరాదు. పలుచని నీరు త్వరగా కాగును.

తొట్టిమీద గాజుపలకను వాలుగా కప్పవలెను. సింహాద్రిపురము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు పదునాలుగున్నర డిగ్రీల అక్షాంశముపై నున్నది. కావున గాజు దక్షిణమునకు సుమారు 15 డిగ్రీలు వాలియుండుట ఇచట అనుకూలము. దక్షిణపు గోడ ఎత్తు 15 సెంటిమీటర్లును, ఉత్తరపు గోడ ఎత్తు 42 సెంటిమీటర్లును ఉన్నచో ఈ వాలు వచ్చును. వాలు మరీ తక్కువైనచో గాజు అడుగున ఏర్పడిన బొట్లు జారక మరల తొట్టిలోనే రాలిపోవును. దక్షిణపు గోడకు లోపలివైపున, గాజు చివర క్రిందుగా, తుప్పు పట్టని రేకుతో సన్నని దోనె నొకదానిని అమర్చవలెను. జారివచ్చిన బొట్లు దానిలో చేరి, గొట్టము ద్వారా వెలుపలనున్న మూతగల పాత్రలో పడును. గాజు అంచుల వెంట సందులేకుండ లప్పముతో మూయవలెను. ఎంత చిన్న సందున్నను ఆవిరి ఆ దారినే పోవును.

ఇందు గాజు చేయు పని చిత్రమైనది. సూర్యుని వెలుతురును అది లోనికి విడుచును. ఆ వెలుతురు నల్లని తొట్టిని తాకి వేడిగా మారును. కాగిన తొట్టినుండి వెలువడు ఉష్ణకిరణములను మాత్రము గాజు వెలుపలికి పోనీయదు. అందుచేత లోపలి నీరు బయటి గాలికంటె చాల హెచ్చుగా వేడెక్కును. అయినను మరగదు. మరగవలసిన అవసరమును లేదు. తడిబట్ట ఆరుటకు బట్టలోని నీరు మరుగుచున్నదా? అట్లే తొట్టిలోని నీరు మెల్లగా ఆవిరియై, గాలి తగిలి చల్లగానున్న గాజును చేరి బొట్లుగా మారుచుండును.

క్రొత్తగా కట్టిన తొట్టినుండి వచ్చు మొదటి రెండు మూడు దినముల నీటిని పారబోయుట మంచిది. అడుగున మిగిలిన ఉప్పునీటిని తరచుగా తీసివేసి తొట్టిని కడుగవలెను. లేనిచో తెల్లని పొర పేరుకొని నల్లని అడుగును కప్పివేయును. గాజుపై దుమ్మునుకూడ ప్రతి ఉదయము తుడువవలెను. శుద్ధమైన నీరు మురికి పాత్రలో పడినచో మరల చెడిపోవును గాన పాత్ర శుభ్రత ముఖ్యము.

ఇట్టి తొట్టి రోజుకు ఎంత నీరిచ్చును? ఊహించి చెప్పనక్కరలేదు, లెక్కకట్టి చూడవచ్చును. ఒక లీటరు నీటి వేడిమిని ఒక డిగ్రీ పెంచుటకు ఒక కిలోకెలోరీ చాలును. కాని అదే లీటరు నీటిని ఆవిరిగా మార్చుటకు 500కు పైగా కిలోకెలోరీలు కావలెను. దీనినే గుప్తోష్ణమందురు. నీటిని కాచుటకు పట్టు వేడినికూడ కలిపినచో లీటరునకు సుమారు 600 కిలోకెలోరీలగును. రాయలసీమలో ఒక చదరపు మీటరు నేలపై ఒక దినమున పడు సూర్యశక్తి సగటున 5 కిలోవాట్ గంటలు, అనగా సుమారు 4,300 కిలోకెలోరీలు. ఏమియు వృథా కాకున్నచో ఏడు లీటర్లు రావలెను. కాని గాజు కొంత వెలుతురును త్రిప్పికొట్టును, గోడలు కొంత వేడిని జారవిడుచును. అందువలన వాస్తవముగా లభించునది మూడవవంతు మొదలు సగమునకు లోపుగా నుండును. స్థూలముగా, చదరపు మీటరు తొట్టి రోజుకు రెండున్నర మొదలు మూడు లీటర్ల నీరిచ్చును. మబ్బు పట్టిన దినమున ఇంకను తగ్గును.

మూడు లీటర్లు ఒక మనుష్యుడు త్రాగుటకు సరిపోవును, స్నానమునకు చాలదు. అయినను బుద్ధిమంతుడు దానిని పెంచుకొనగలడు. స్వేదన జలములో లవణములు దాదాపు శూన్యము. దాని రుచి చప్పగా నుండును. లీటరునకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల బావినీరు ఒక లీటరును, స్వేదన జలము రెండు లీటర్లును కలిపినచో, మూడు లీటర్ల నీటిలోను మొత్తము మూడు మిల్లీగ్రాములే యుండును. అనగా లీటరునకు ఒక్క మిల్లీగ్రామే. రుచియు కుదురును, పరిమాణమును పెరుగును, అపాయమును తగ్గును. అయితే బావినీటిని పరీక్ష చేయించి దానిలోని ఫ్లోరైడు ఎంతయో తెలిసిన పిమ్మటనే ఇట్లు కలుపవలెను. కలుపు బావినీటిలో సూక్ష్మజీవులు లేకుండ చూచుకొనుటయు అవసరము.

ఈ విద్య ఇతర దేశములలో ఎన్నడో పెద్ద యెత్తున వాడుకకు వచ్చినది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున అటకామా ఎడారి మిక్కిలి పొడియైనది. అచటి లాస్ సాలినాస్ అను చోట గనులలో పనిచేయువారికిని, సరకులు మోయు కంచరగాడిదలకును త్రాగుటకు ఉప్పునీరు తప్ప వేరొండు లేదు. 1872లో చార్లెస్ విల్సన్ అను ఇంజనీరు అచట సుమారు 4,700 చదరపు మీటర్ల గాజు కప్పుతో స్వేదనశాలను నిర్మించెను. అది రోజుకు 20,000 లీటర్లకు పైగా మంచినీటిని ఇచ్చుచు సుమారు నలువది సంవత్సరములు పనిచేసెను. మన దేశమున భావనగరములోని కేంద్రీయ లవణ, సముద్ర రసాయన పరిశోధనా సంస్థవారు 1978లో గుజరాతులోని అవానియా గ్రామమున రోజుకు 5,000 లీటర్లు ఇయ్యగల సౌర స్వేదనశాలను నెలకొల్పిరి.

సముద్రమధ్యమున చిక్కుకొన్నవాని కష్టము ఇంకను విచిత్రమైనది. చుట్టును నీరే, కాని త్రాగుటకు చుక్కయైనను లేదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుండును. ఆ నీరు త్రాగినచో ఆ ఉప్పును బయటికి పంపుటకు శరీరము త్రాగినదానికంటె ఎక్కువ నీటిని మూత్రముగా విసర్జింపవలసి వచ్చును. కావున దప్పిక తీరకపోగా ప్రాణము త్వరగా పోవును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున హంగేరీలో జన్మించిన మారియా టెల్కెస్ అను శాస్త్రవేత్త అమెరికాలో పనిచేయుచు, ప్రాణరక్షణ తెప్పలకు తగిలించి నీటిపై తేల్చుటకు వీలైన, గాలి ఊదిన బంతివంటి సౌర స్వేదన సాధనమును రూపొందించెను. దిక్కులేని నావికునికి అది రోజుకు ఇంచుమించు ఒక లీటరు నీటిని ఇయ్యగలిగెను.

నేలమీద నున్నవారికిని అట్టి దుస్థితి రావచ్చును. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినది. వేలాది మంది ప్రాణములు గోల్పోయిరి. బ్రతికి బయటపడినవారికి బావులలోను, చెరువులలోను మిగిలినది ఉప్పునీరు, కుళ్లిన నీరు. చుట్టును నీరున్నను మంచినీరు లేకపోవుట ఎట్టి ఆపదయో అట్టి సమయముననే తెలియును.

తొట్టియు గాజును లేని చోట ఏమి చేయవలెను? 1965లో రే జాక్సన్, వాన్ బేవెల్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో దీనికొక ఉపాయమును పరీక్షించి ప్రకటించిరి. మీటరు వెడల్పు, అరమీటరు లోతు గల గోతిని త్రవ్వి, నడుమ ఒక పాత్ర నుంచవలెను. పాత్ర చుట్టును పచ్చి ఆకులనో, ముక్కలుగా కోసిన నాగజెముడు మట్టలనో పరువవలెను. గోతిపై తేటయైన ప్లాస్టిక్ పలకను పరచి, అంచులను మట్టితో కప్పి, సరిగా పాత్రకు ఎదురుగా పలక నడుమ ఒక చిన్న రాతిని ఉంచవలెను. పలక గరాటువలె క్రిందికి వంగును. మట్టిలోను, ఆకులలోను గల తడి ఆవిరియై పలక అడుగున బొట్లుగా చేరి, మొనదగ్గరకు జారి పాత్రలో పడును. అనుకూలమైన చోట ఇట్టి గోయి రోజుకు ఒకటిన్నర లీటరు వరకు ఇయ్యగలదని వారు కనుగొనిరి.

అయితే ఈ గోతిని గురించి తెలిసికొనవలసిన హెచ్చరికలు కొన్ని కలవు. పూర్తిగా ఎండిన ఇసుకలో త్రవ్విన గోయి దాదాపు ఏమియు ఇయ్యదు. ఎండలో కష్టించి పనిచేయు మనుష్యునికి గంటకు లీటరు వరకు చెమట పోవచ్చును. మిట్టమధ్యాహ్నము గోయి త్రవ్వినవాడు దానినుండి మరునాడు లభించు నీటికంటె ఎక్కువ నీటిని తన శరీరమునుండియే పోగొట్టుకొనును. కావున త్రవ్వుట ఉదయమో సాయంకాలమో జరుగవలెను. పగలంతయు నీడలో కదలక కూర్చుండుటయే మొదటి రక్షణ. గన్నేరు వంటి విషపు మొక్కలను, పాలు కారు మొక్కలను గోతిలో వేయరాదు. కిరసనాయిలు, పెట్రోలు, పురుగుమందులు కలసిన నీటిని గోతిలోగాని, తొట్టిలోగాని పోయరాదు. వానిలో కొన్ని నీటితోపాటు ఆవిరియై మంచినీటిలో చేరును. స్వేదనము లవణములను, సూక్ష్మజీవులను విడదీయును గాని సర్వ విషములను హరించు మంత్రము కాదు.

రాయలసీమ పల్లెవాసులకు ఇంతకంటె మేలైన విద్య యొకటి తరతరములుగా తెలియును. ఎండిన ఏటి ఇసుకలో చెలమ త్రవ్వుట. ఇసుక క్రింద తడి యున్న చోట గోయి నీరిచ్చు లోపల చెలమ కడవలు నింపును. ఆ చెలమ నీరు ఉప్పనిదో, మురికిదో అయినప్పుడు దానిని గోతిలోను, తొట్టిలోను పోసి శుద్ధి చేసికొనవచ్చును. పాతవిద్య నీటిని చూపును, క్రొత్తవిద్య దానిని మంచినీరుగా చేయును. రెండును తెలిసినవాడే ఆపదను దాటగలడు.

ఒక ఊరి ప్రజలందరికిని సౌర స్వేదనము చాలునా యనిన, చాలదనియే చెప్పవలెను. రోజుకు తలకు మూడు లీటర్ల చొప్పున వేయి మందికి త్రాగునీరు కావలెనన్నచో వేయి చదరపు మీటర్లకు తక్కువ కాని గాజు కప్పు కావలెను. ఊళ్ల కొరకు వేరు పద్ధతులు కలవు. నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థవారు 1970ల దశకమున పటికయు, సున్నమును కలిపి ఫ్లోరైడును తేర్చు విధానమును రూపొందించిరి. ఆ దోషముతో మిక్కిలి బాధపడిన జిల్లా పేరిట దానిని నల్లగొండ పద్ధతి యందురు. నేడు పొరల గుండ నీటిని ఒత్తి లవణములను తొలగించు యంత్రములు ఎన్నో పల్లెలలో నున్నవి. కాని ఆ యంత్రములకు విద్యుత్తు కావలెను. అవి విసర్జించు ఉప్పునీటిని ఎచట పోయవలెనను చిక్కును కలదు. దూరపు నదినుండి కాలువలచే తెచ్చిన నీరును, ఇంటి కప్పుపై పడి తొట్టిలో నిలువచేసిన వాననీరును అన్నిటికంటె మేలైనవి. వాననీరనగా సూర్యుడు తానే స్వేదనము చేసి ఉచితముగా పంపిన నీరే గదా!

సౌర స్వేదనము విలువ వేరొక చోట నున్నది. విద్యుత్తు లేని చోట, వంటచెరకు లేని చోట, ఒక కుటుంబమునకో ఒక చిన్న బడికో త్రాగు నీటిని అది నమ్మకముగా ఇయ్యగలదు. వేసవిలో, అనగా నీరు మిక్కిలి అవసరమైన కాలముననే, అది మిక్కిలి ఎక్కువ నీరిచ్చును. అంతకు మించి, నల్లని తొట్టి, గాజుపలక, సన్నని దోనె ఈ మూడింటిని చేసి చూచిన బాలునకు నీటి స్వభావము జీవితాంతము గుర్తుండును. తేటగా నున్నంత మాత్రమున నీరు మంచిది కాదనియు, ఫ్లోరైడు మరగించుటచే పోదనియు, మూతపై నిలిచిన చిన్న బొట్టులో ఒక ప్రాణమును నిలుపు శక్తి గలదనియు అతడు ఎరుగును. ఎరిగినవాడు తన ఊరి బావినీటిని పరీక్ష చేయింపుమని పెద్దలను కోరును. సింహాద్రిపురము వంటి ఊళ్లలో పిల్లల పండ్లును, ఎముకలును గట్టిగా నిలుచుటకు ఆ ఎరుకయే మొదటి మెట్టు.